సామాన్య పాఠకుడును సటీక బైబిలును: కథోలిక వివరణ సంప్రదాయ చరిత్రము

మన దేశమున గ్రంథమును టీకతోడనే చదువుట చిరకాలాగతమైన యాచారము. కాళిదాసును చదువువాడు మల్లినాథసూరిని విడువడు. ప్రబంధమును చదువగోరువాడు టీకాతాత్పర్యసహితమైన వావిళ్లవారి ప్రతి దొరకునా యని వెదకును. మూలము చెప్పిన కవి యొకడు, దానిని పాఠకుని చేతికందించు వ్యాఖ్యాత వేరొకడు. ఈ రెండవవాడు ఎంతవరకు చెప్పవలయును, ఎచ్చట ఆగవలయును అను చర్చ మనకు క్రొత్త కాదు. ఇదే చర్చ ఐరోపాలో బైబిలు విషయమున నాలుగు వందల యేండ్లకు పైగా నడచినది. అచ్చట నది పండితగోష్ఠితో ఆగక, ప్రాణములను గొన్న వివాదములలో పాలుపంచుకొన్నది. ఆ చరిత్రమును, అందును కథోలికులు ఇంగ్లీషున వెలువరించిన సటీక బైబిళ్ల చరిత్రమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఈ విషయమునకు మమ్ము మరల్చినది గ్రంథాలయము కాదు, ఒక విద్యార్థి ప్రశ్న. అతడు గుంటూరు జిల్లావాడు. తండ్రివైపువారు కథోలికులు, తల్లి లూథరను కుటుంబమునుండి వచ్చినది. అక్క వివాహమున గురువు తోబీతు గ్రంథమునుండి నూతన దంపతులు చేసిన ప్రార్థనను చదివెనట. ఆ మాటలు తల్లి మనస్సునకు హత్తుకొన్నవి. ఆ రాత్రియే ఆమె తాను పుట్టింటినుండి తెచ్చుకొన్న బైబిలు తీసి మొదటినుండి చివరవరకు వెదకినది, తోబీతు దొరకలేదు. "మా అమ్మ ఆ మాటలు మరల చదువుకోవలెనని కోరుచున్నదండి. ఏ బైబిలు కొనవలెనో చెప్పుడు" అని అతడు మమ్మడిగెను. కొనుటకు పుస్తకము పేరు చెప్పుట సులభమే. కాని ఆమె బైబిలున ఆ గ్రంథమేల లేదో చెప్పవలసి వచ్చినపుడు చరిత్రము విప్పక తప్పలేదు.

తెలుగు బైబిలు విశాఖపట్టణమున 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో లండను మిషనరీ సంఘమువారైన క్రాన్, డెగ్రాంజి గారల కృషితో మొలకెత్తినది. వారి తరువాత ప్రిచెట్టుగారి క్రొత్త నిబంధనము 1818లో అచ్చైనది. అంతకు పూర్వము 18వ శతాబ్దిలోనే బెంజమిన్ షుల్జు మద్రాసున చేసిన అనువాదము అచ్చునకు నోచుకోలేదు. తరువాత వచ్చిన అనువాదములు ఎక్కువగా బైబిలు సంఘముల పోషణమున వ్యాపించినవి. 1804లో లండనులో స్థాపితమైన బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ మొదటనే ఒక నియమము పెట్టుకొన్నది: వివరణ గాని వ్యాఖ్య గాని లేకుండ మూలమును మాత్రమే పంచవలయును. పలు ప్రొటెస్టంటు శాఖలవారు కలిసి పనిచేయుటకు ఈ నియమమే ఆధారము; ఒకరి టీక మరియొకరికి మ్రింగుడుపడదు గదా. 1826లో మరియొక నిర్ణయము జరిగెను. హీబ్రూ పట్టికలో లేని గ్రంథములను చేర్చిన బైబిళ్లకు సంఘము ధనమీయగూడదు. ఆ మాత చేతిలోని బైబిలున తోబీతు లేకపోవుటకును, అడుగున ఒక్క వివరణమైనను లేకపోవుటకును కారణము ఈ రెండు తీర్మానములే. లండనులో చేసిన తీర్మానము గుంటూరు జిల్లా పల్లెలో ఒక తల్లికి ఒక రాత్రి నిద్ర లేకుండ చేసినది.

విడువబడిన ఆ గ్రంథములెట్టివి? తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరాపుత్రుని జ్ఞానగ్రంథము, బారూకు అను ఏడును, ఎస్తేరు, దానియేలు గ్రంథములందలి కొన్ని భాగములును. ఇవి క్రీస్తునకు పూర్వము యూదులు గ్రీకున కూర్చుకొన్న సంపుటమున ఉన్నవి. హీబ్రూ పట్టికలో లేవు. 4వ శతాబ్ది చివర లాటిను వల్గేటును సిద్ధపరచిన జెరోము పండితుడే వీనిని వేరు తరగతిగా భావించెను. అయినను సంఘము వీనిని చదువుచునే వచ్చెను. లూథరు 1534 నాటి జర్మను బైబిలున వీనిని వేరుచేసి నడుమ ఉంచెను, పూర్తిగా తొలగింపలేదు. 1611 నాటి రాజా జేమ్సు బైబిలున సైతము ఇవి రెండు నిబంధనముల నడుమ ఉన్నవి. కాబట్టి ప్రొటెస్టంటులు వీనిని ఆదినుండియు పారవైచిరనుట సరి కాదు. కథోలికులవైపు ట్రెంటు మహాసభ 1546 ఏప్రిలు 8వ తేదీన పట్టికను స్థిరపరచి, పాత నిబంధనమున 46, క్రొత్త నిబంధనమున 27, వెరసి 73 గ్రంథములను సమాన గౌరవముతో స్వీకరింపవలెనని శాసించెను. అదే దినమున వల్గేటును బోధనమునకు ప్రామాణికముగా ప్రకటించెను.

ఇక వివరణముల సంగతి. 1564లో ప్రకటితమైన నిషిద్ధ గ్రంథ నియమములలో నాల్గవది ప్రకారము దేశభాషలోని బైబిలు చదువగోరువాడు బిషప్పుయొక్క లిఖితమైన అనుమతి పొందవలయును. దీనిని పట్టుకొని కథోలిక సంఘము బైబిలును దాచిపెట్టెనని చెప్పుట పరిపాటి. నియమము కఠినమే; దాని ఫలితముగా పెక్కు దేశములలో సామాన్యులు బైబిలునకు దూరమైరనుటయు నిజమే. కాని ఆ కాలమున పుస్తకపు అంచులలో అచ్చైన వాక్యములు ఎంత బలమైన ఆయుధములో గ్రహించిననే గాని ఆ భయము మనకు బోధపడదు. 1560లో జెనీవా నగరమున ఆంగ్ల ప్రవాసులు ప్రకటించిన బైబిలే ఇందుకు సాక్ష్యము. దాని పుటల అంచులు వివరణములతో నిండియుండెను. హీబ్రూ మంత్రసానులు ఫరో ఆజ్ఞను మీరుట న్యాయమేయని అందొక వివరణము కలదు. రాజాజ్ఞను ధిక్కరింపవచ్చునను ఆ మాట జేమ్సు రాజునకు కంటకమైనది. 1604లో హాంప్టన్ కోర్టు సభలో ఆయన క్రొత్త అనువాదమునకు సమ్మతించుచు, అందు అట్టి వివరణములు ఉండరాదని నిర్బంధించెను. వివరణములను చూచి భయపడినవారు పోపులే కాదు, ప్రొటెస్టంటు రాజులును భయపడిరి.

కథోలికుల ఆంగ్ల బైబిలు కూడ ప్రవాసులు చేసిన పనియే. ఎలిజబెత్తు రాణి కాలమున ఆక్స్ఫర్డును విడిచిపోయిన కథోలిక పండితులు విలియం ఆలెను నాయకత్వమున 1568లో డువే పట్టణమున కళాశాల నెలకొల్పిరి. 1578లో అది రైమ్సునకు తరలినది. 1593లో మరల డువే చేరినది. ఆ 1578వ సంవత్సరము అక్టోబరులో గ్రెగరీ మార్టిను వల్గేటునుండి అనువాదము మొదలిడెను. దినమునకు రెండేసి అధ్యాయములు ఆయన అనువదించుచుండగా ఆలెనును, రిచర్డు బ్రిస్టోయు వానిని చదివి సరిదిద్దుచుండిరి. ఇది నిశ్చింతగా సాగిన సాహిత్యవ్యాసంగము కాదు. ఆక్స్ఫర్డు సెయింట్ జాన్స్ కళాశాలలో మార్టినునకు సహచరుడును, డువేలో చదివినవాడును నైన ఎడ్మండు కాంపియను 1581 డిసెంబరు 1వ తేదీన లండనులో వధింపబడెను. ఆ సంవత్సరమే బ్రిస్టో మరణించెను. మరుసటి యేడు, అనగా 1582లో, క్రొత్త నిబంధనము రైమ్సున అచ్చైనది. ఆ యక్టోబరులోనే మార్టిను క్షయవ్యాధితో కన్నుమూసెను. పాత నిబంధనము ఆయన అనువదించి యుంచినదే. కాని ప్రవాసులకు ధనము చాలక అది 1609, 1610 సంవత్సరములవరకు వెలుగు చూడలేదు. దానికి వివరణములు చేర్చినవాడు థామసు వర్తింగ్టను.

రైమ్సు నిబంధనమున మూలమెంతో వివరణమంతగా కానవచ్చును. అధ్యాయము ముగియుటయే తడవు, పుటలకొలది వాదము సాగును. అందు పద వివరణము కొంత, తండ్రుల వాక్యముల ఉద్ధరణము కొంత, మిగిలినది జెనీవావారిపై ఖండనము. కటువుదనమునకు కొదువ లేదు. నేటి పాఠకుడు దానిని తెరచినచో బైబిలు చదువుచున్నాడో న్యాయస్థానమున వాదప్రతివాదములు వినుచున్నాడో తెలియక తికమకపడును. అయినను ఈ టీకలు ఎవరికొరకు వ్రాయబడినవో మరువరాదు. రహస్యముగా తీరమున దిగి, ఇంటింట దాగి, పట్టుబడినచో ఉరికంబమెక్కు యువగురువులకు ఇది చేతిపుస్తకము. ఎదుటివాడు ఏ వచనము చూపినను తత్క్షణమే బదులీయవలయును. వారికి కావలసినది ఖడ్గము. రైమ్సు పండితులు ఖడ్గమునే సిద్ధము చేసిరి.

దాని భాషను గూర్చి రెండు మాటలు చెప్పుట తెలుగువారమైన మాకు ప్రీతికరము. మార్టిను లాటిను పదమునకు సాధ్యమైనంతవరకు లాటిను పదమునే నిలిపెను. మన పరిభాషలో చెప్పవలెనన్న అది తత్సమభూయిష్ఠమైన శైలి. ఫిలిప్పీయుల లేఖలో క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసికొనెనను చోట మార్టిను వాడిన పదము 'ఎగ్జినానిటెడ్'. ఇది ఆనాటి ఆంగ్లేయునకు, నన్నయ పద్యమున అకస్మాత్తుగా వచ్చిన వైదిక పదమువలె తోచియుండును. అందుచేతనే గ్రంథము చివర కఠినపదముల పట్టిక చేర్చిరి. విచిత్రమేమనగా, ఆ పట్టికలోని 'ఆడ్వెంట్', 'అలిగొరీ', 'హోలోకాస్ట్', 'నియోఫైట్' వంటి పదములు నేడు ఇంగ్లీషు వచ్చినవారికెల్ల సుపరిచితములు. కొన్ని తత్సమములు భాషలో ఇంకినవి, 'ఎగ్జినానిటెడ్' వంటివి రాలిపోయినవి. 1611 నాటి అనువాదకులు రైమ్సు పదములను గణనీయముగా గ్రహించిరని పండితులు నిరూపించియున్నారు.

ఆ పదములు వారి చేతికెట్లు చేరెను? ఇందొక చమత్కారము కలదు. రైమ్సు నిబంధనమును ఖండింపబూని విలియం ఫుల్కు అను ప్రొటెస్టంటు పండితుడు 1589లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు ఒకవైపు రైమ్సు పాఠము, మరియొకవైపు బిషప్పుల బైబిలు పాఠము, క్రింద రైమ్సు వివరణములు పూర్తిగా, వాని వెంట తన ఖండనములు. ఈ గ్రంథము 1601, 1617, 1633 సంవత్సరములలో మరల మరల అచ్చైనది. దొంగచాటుగా తేవలసిన కథోలిక టీక ఖండన గ్రంథము ముసుగులో లండను అంగళ్లలో బహిరంగముగా అమ్ముడైనది. చార్వాకుల మతము వారిని ఖండించినవారి గ్రంథములలోనే మనకు మిగిలినట్లు, రైమ్సు టీకకు విశేషవ్యాప్తి కల్పించినవాడు దాని శత్రువే.

వాదమునకు వ్రాసిన టీకను వాదము చల్లారిన పిమ్మట ఎవరు చదువుదురు? 18వ శతాబ్ది నడిమికి ఇంగ్లండులోని కథోలికులు చిన్న సమూహముగా, చట్టముల నీడలో, ఎవరి కంటను పడక బ్రదుకుచుండిరి. రిచర్డు చాలొనరు వారి బిషప్పు. ఆయన 1691లో ప్రొటెస్టంటు కుటుంబమున జన్మించి, బాల్యమున కథోలిక మతము స్వీకరించి, డువేలో పాతికేండ్లు గడపి, లండనులో సామాన్యుల నడుమ పనిచేసినవాడు. 1749, 1752 సంవత్సరముల నడుమ ఆయన డువే-రైమ్సు బైబిలును ఆమూలాగ్రము సవరించెను. 'ఎగ్జినానిటెడ్' పోయి 'తన్ను రిక్తునిగా చేసికొనెను' అను తేట ఇంగ్లీషు వచ్చెను. పెక్కు వాక్యములు రాజా జేమ్సు బైబిలునకు చేరువైనవి. ఈ సవరణము ఇంచుమించు క్రొత్త అనువాదమేయని 1859లో న్యూమను అభిప్రాయపడెను. ఇప్పటికిని డువే బైబిలను పేర అంగడిలో దొరకునది చాలొనరుదే గాని మార్టినుది కాదు. కొనువారు సాధారణముగా ఈ భేదము నెరుగరు.

మాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది ఆయన టీకలను కుదించిన తీరు. పుటలకొలది వాదము రెండు మూడు పంక్తులకు తగ్గినది. మత్తయి మూడవ అధ్యాయమున వల్గేటు ననుసరించి 'ప్రాయశ్చిత్తము చేయుడు' అను పాఠమును ఆయన నిలిపి, ఆ మాటలో పాపమునకై దుఃఖించుటయేగాక ఉపవాసాదులును చేరునని చిన్న వివరణము వ్రాసెను. ప్రభువు ప్రార్థనలో 'అనుదినాహారము' అను చోట మత్తయి సువార్తలో 'అతిద్రవ్యకమైన రొట్టె' అను అర్థమిచ్చు లాటిను పదము కలదు, చదువువాడు అదిరిపడును. చాలొనరు అచ్చట వాదము పెంచక, లూకా సువార్తలో ఇదే పదము 'అనుదిన' మని అనువదింపబడినదని క్లుప్తముగా చెప్పెను. నిజమునకు ఆ గ్రీకు పదము 'ఎపియూసియోస్' ఈ ప్రార్థనయందు తప్ప గ్రీకు వాఙ్మయమున దాదాపు మరెచ్చటను కానరాదు. జెరోమే ఒకచోట ఒకవిధముగ, ఒకచోట వేరువిధముగ అనువదించెను. ఆ చర్చ యంతయు చెప్పినచో పండితులు మెచ్చుకొందురు, సామాన్యుడు పుస్తకము మూయును. మల్లినాథుడు అపేక్షితము కానిది చెప్పనని పెట్టుకొన్న నియమమును చాలొనరు ఎరుగకయే పాటించినాడని మా భావము.

1757లో పోపు పదునాల్గవ బెనెడిక్టు కాలమున ఒక మార్పు వచ్చినది. రోమునుండి ఆమోదము పొందిన అనువాదమును, లేదా సంఘపితల, కథోలిక పండితుల గ్రంథములనుండి తీసిన వివరణములతో కూడిన అనువాదమును ఎవరైనను చదువవచ్చునని అనుజ్ఞ లభించెను. వివరణము అలంకారముగా గాక అనుమతిపత్రముగా మారినది. ఈ నియమమే 1917 నాటి సంఘ ధర్మశాస్త్రమునకును, 1983 నాటి ధర్మశాస్త్రమున 825వ సూత్రమునకును సంక్రమించినది. ఇప్పటికిని కథోలిక బైబిలు తగిన వివరణములతోనే వెలువడవలయును. బైబిలు సంఘము వివరణము వలదని శాసించిన కాలముననే కథోలిక సంఘము వివరణము లేనిది వలదని శాసించుచుండెను. మా విద్యార్థి ఇంట ఒకే గూటిలో ఈ రెండు శాసనములును పక్కపక్కన ఉన్నవి.

19వ శతాబ్దిలో జార్జి లియో హేడాకు అను గురువు కూర్చిన విస్తృతమైన టీకతో 1811 మొదలు 1814 వరకు మాంచెస్టరునుండి వెలువడిన బైబిలు ఇంటింట పెట్టెలో దాచుకొను పుస్తకమైనది. అమెరికాలో మాథ్యూ కేరీ 1790లోనే ఫిలడెల్ఫియాలో డువే బైబిలును అచ్చొత్తించెను. 1961లో కెనెడీ అధ్యక్షపదవీ ప్రమాణము చేసినది తన కుటుంబపు డువే బైబిలుపైననే. ఇట్లు ఉరికంబపు నీడన పుట్టిన పుస్తకము అధ్యక్షుని చేతిక్రిందికి వచ్చినది.

ఆధునిక యుగమునకు ద్వారము 1943 సెప్టెంబరు 30వ తేదీన తెరువబడెను. పన్నెండవ భక్తినాథ పోపు ఆనాడు ప్రకటించిన లేఖలో హీబ్రూ, గ్రీకు మూలములనుండియే అనువదింపవలెననియు, గ్రంథకర్త ఎట్టి సాహిత్యరీతిలో వ్రాసెనో గ్రహించి అర్థము చెప్పవలెననియు ప్రోత్సహించెను. 1890లో లగ్రాంజి స్థాపించిన యెరూషలేము బైబిలు పాఠశాలవారు అప్పటికే ఇందుకు సిద్ధముగా ఉండిరి. వారు ఫ్రెంచి భాషలో సంపుటములుగా తెచ్చిన బైబిలు 1956లో ఏకసంపుటముగా వెలువడెను; అలెగ్జాండరు జోన్సు సంపాదకత్వమున దాని ఆంగ్లరూపము 1966లో వచ్చెను. యోనా గ్రంథమున టోల్కీను చేయి కూడ కలదు. ఈ యెరూషలేము బైబిలున వివరణము స్వభావమే మారినది. ఖండనము లేదు; పాఠాంతరములు, చారిత్రక సందర్భములు, ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు సాగు భావసూత్రములు మాత్రమే ఉన్నవి. యోనా చరిత్రము కాదు, నీతి బోధించు కథయని అది నిస్సంకోచముగా చెప్పును. 1965 నవంబరు 18వ తేదీన రెండవ వాటికను సభ బైబిలు సకల విశ్వాసులకు అందుబాటులో ఉండవలెనని ప్రకటించి, 1564 నాటి భయమునకు తెరదించినది. ఇతర సంఘములవారితో కలసి అనువదించుటకు సైతము అనుమతించినది. దాని ఫలములలో నొకటి రివైజ్డ్ స్టాండర్డ్ పాఠమునకు 1966లో పూర్తియైన కథోలిక ప్రతి.

ఇచ్చట తోబీతునకు మరలుదము. ఆ మాత వెదకిన ప్రార్థన ఏ పుస్తకమున ఎట్లున్నదో మేము పోల్చి చూచితిమి, ఫలితము ఆశ్చర్యకరము. డువే బైబిలున వరుడు వధువుతో మూడు రాత్రులు ప్రార్థనలో గడపుదమనును. నేటి బైబిళ్లలో మూడు రాత్రుల ప్రసక్తి లేదు. ఆ రాత్రియే లేచి ప్రార్థింతురు. కారణమేమనగా, డువే అనుసరించినది వల్గేటు. జెరోము తోబీతును అరమాయిక్ మూలమునుండి ఒక్క దినములో అనువదించితినని తానే చెప్పుకొన్నాడు. గ్రీకున ఈ గ్రంథమునకు హ్రస్వపాఠమొకటి, దీర్ఘపాఠమొకటి కలవు. రివైజ్డ్ స్టాండర్డ్ కథోలిక ప్రతి హ్రస్వపాఠమును, న్యూ అమెరికన్ బైబిలు సినాయి ప్రతిలోని దీర్ఘపాఠమును అనుసరించినవి. కుమ్రాను గుహలలో దొరకిన అరమాయిక్, హీబ్రూ శకలములు దీర్ఘపాఠమునకు దగ్గరగా ఉండుటచేత దాని విలువ పెరిగినది. ఇంటికి మరలినపుడు ముందుగా పరుగెత్తివచ్చి తోక ఆడించు కుక్క వల్గేటునందే కలదు. గ్రీకు పాఠమున కుక్క ఉన్నది, తోక ఆడించుట లేదు. భారతమున ప్రక్షిప్తములను చర్చించువారికి ఇట్టివి వింత గొల్పవు. కాని వివాహమున విన్న మాట తన పుస్తకమున వేరుగా కనిపించిన సామాన్యుడు తన గురువునే సందేహించును. సటీక బైబిలు చేయవలసిన మొదటి పని ఈ సందేహమును తీర్చుట.

న్యూ అమెరికన్ బైబిలు 1970లో, దాని పరిష్కృత ప్రతి 2011లో వెలువడినవి. 1990లో డానల్డు సీనియరు సంపాదకత్వమున ఆక్స్ఫర్డువారు ప్రకటించిన కథోలిక స్టడీ బైబిలు ఈ పాఠము నాధారము చేసికొన్నదే. మూలమునకు ముందు ప్రతి గ్రంథమునకును విపులమైన పఠన మార్గదర్శిక కలదు. ఇందలి వివరణములు చారిత్రక విమర్శకుల దృష్టితో వ్రాయబడినవి. ఇవి విశ్వాసమును పోషింపవని, ఎప్పుడు ఎవరు వ్రాసిరను చర్చయే అధికమని ఆక్షేపించువారు కథోలికులలోనే పలువురు కలరు. వారి కోరికకు బదులుగా వచ్చినది స్కాట్ హాన్, కర్టిస్ మిచ్ గారల ఇగ్నేషియస్ స్టడీ బైబిలు. దీని క్రొత్త నిబంధనము 2010లో, సంపూర్ణ గ్రంథము 2024లో వెలువడినవి. ఇది సంఘపితల వ్యాఖ్యలను, 1992 నాటి సంఘ ధర్మోపదేశ గ్రంథమును అడుగడుగున స్మరించును.

ఈ రెంటి భేదమునకు యెషయా ఏడవ అధ్యాయము పదునాల్గవ వచనము గీటురాయి. హీబ్రూ 'అల్మా' పదమునకు యువతి యని అర్థము. గ్రీకు అనువాదము కన్య యని చెప్పెను. మత్తయి గ్రీకును ఉదాహరించెను. న్యూ అమెరికన్ 1970లో కన్య, 2011లో యువతి. రివైజ్డ్ స్టాండర్డ్ కథోలిక ప్రతి 1966లో యువతి యని పాఠమున నిలిపి కన్య యని అధోవివరణమిచ్చెను. ఇగ్నేషియస్ వారు వాడుకొన్న 2006 నాటి దాని రెండవ కూర్పు కన్య యనును. ఒకటి ప్రవక్త కాలమున ఆ మాట ఏమి చెప్పెనని అడుగును. మరియొకటి సంఘము దానినెట్లు విన్నదని అడుగును. రెండును న్యాయమైన ప్రశ్నలే. ఒకదానినే అడుగు పుస్తకము రెండవదానిని దాచినట్లు ప్రవర్తించుటయే మాకు నచ్చని సంగతి.

భారతదేశమున ఈ చరిత్రమునకొక అధ్యాయము కలదు. 2008లో ముంబయినుండి సెయింట్ పాల్స్ వారు ప్రకటించిన న్యూ కమ్యూనిటీ బైబిలు వివరణములలో ఉపనిషత్తులను, గీతను, గాంధీ, ఠాకూరుల భావములను స్మరించినది. చిత్రములలో మరియమ్మ చీర ధరించినది. ప్రతులు వేగముగా అమ్ముడైనవి, ఆక్షేపణలును అంత వేగముగా వచ్చినవి. ఇది మతములను కలగలుపుటయని కొందరు కథోలికులే వాదించిరి. దానిని ఆపి, సవరించి, 2011లో మరల ప్రకటించిరి. మాకు ఆ మొదటి కూర్పు పట్ల కొంత సానుభూతి కలదు. తొందరపాటు పోలికలు అందు లేకపోలేదు. కాని పాఠకుడు ఎరిగినదానినుండి ఎరుగనిదానికి నడపుట వ్యాఖ్యాత ధర్మము, ఉపనిషత్తుల దేశమున వానిని ఎరుగనట్లు నటించుటయు ఒక విధమైన కృత్రిమత్వమే. బెంగుళూరున 2018లో ప్రకటితమైన ఇంగ్లీషు స్టాండర్డ్ కథోలిక ప్రతి 2020నుండి ఇంగ్లీషు పూజలలో చదువబడుచున్నది. ఇంగ్లండు, వేల్సు దేవాలయములును 2024 చివర దానినే స్వీకరించినవి.

కొనువాడు ముందుగా చూడవలసినది 73 గ్రంథములు ఉన్నవా యనుట. విషయసూచికలో తోబీతు పేరున్న చాలును. పిమ్మట తొలిపుటల వెనుక బిషప్పు అనుమతి. 'ఇంప్రిమాటూర్' అనగా అచ్చువేయవచ్చునని మాత్రమే అర్థము. ప్రతి వివరణమును ఆయన సమర్థించినట్లు కాదు. అటుపై దేవాలయమున వినుచున్న పాఠమునకు అది దగ్గరగా ఉన్నదా యని చూడవలయును. డువే బైబిలున కీర్తనల సంఖ్య సైతము భేదించును, ఇరువది మూడవ కీర్తన అందు ఇరువది రెండవది. వివరణముల విషయమున మా యభిప్రాయము సూటియైనది. తాను తరచుగా చదువు వచనము నొకదానిని తెరచి, అడుగున ఏమున్నదో అంగడిలోనే నిలిచి చదువవలయును. అది తన సందేహమునకు బదులిచ్చినచో ఆ పుస్తకము తనది. పండితులు మెచ్చినదని రెండువేల పుటలకు మించిన సంపుటము కొని బీరువాలో పెట్టుటకంటె చాలొనరువలె రెండు పంక్తులు చెప్పు చిన్న పుస్తకము మేలు.

ఇంగ్లీషున ఇన్ని యున్నను మా విద్యార్థి తల్లికి వానివలన ప్రయోజనము లేదు. ఆమె తెలుగు మాత్రమే ఎరుగును. తెలుగున 73 గ్రంథములతో కూడిన కథోలిక అనువాదము, పూదోట జోజయ్యగారి కృషి ప్రముఖముగా గలది, లభించుచున్నది. దానిని కొని ఈయుమని చెప్పితిమి. తనకొరకు అతడు ఆక్స్ఫర్డువారి ప్రతి కొనెను. సెలవులకు వెళ్లివచ్చిన తరువాత అతడు చెప్పినది: తల్లి తోబీతు ఎనిమిదవ అధ్యాయము చదివి, మూడు రాత్రులని గురువుగారు ప్రసంగమున చెప్పిరి గదా, ఇందు ఒకటే రాత్రి యున్నదేమని అడిగినదట. అతడు తన ఇంగ్లీషు పుస్తకము తెచ్చి, వివరణము చదివి, తెలుగున చెప్పెను. ఆమె ఆ మాటలను ఒక కాగితముపై వ్రాయించుకొని తెలుగు బైబిలున ఆ పుటలో పెట్టుకొన్నది. పుట్టింటి బైబిలును మాత్రము తీసివేయలేదు. కీర్తనలు ఆమె ఇప్పటికిని అందులోనే చదువుకొనుచున్నదట.